పసుపు ముద్ద పెట్టిన తుపాకీ

ఈ అరబ్బు దేశపు ఎడారిలో, కబ్ద్‌లోని మా తోటలో మేకల తర్వాత ఎక్కువ చప్పుడు చేసేది మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, అబూ ఫహద్ తుపాకీ. గొట్టం మూతిలోంచి మందూ గుండూ కూరి కాల్చే పాతకాలపు రకం. రిటైరయ్యాక పొద్దుపోక, సర్కారు అనుమతి తీసుకుని, రెండేళ్ళు కష్టపడి తనే చేసుకున్నాడు. ఇనప పనంతా బాగానే కుదిరింది. భుజానికి ఆనించే చెక్క మాత్రం మంచం కోడులా ఉండేది. దాన్ని ఎత్తితే వేటకు బయల్దేరినట్టు కాక, నవారు బిగించడానికి వస్తున్నట్టు ఉండేవాడు.

ఆ చెక్కను తీర్చిదిద్దే పని వడ్రంగి చిన్నపుల్లయ్యకు పడింది. రాయచోటి దగ్గరి మనిషి. తోటలో తలుపులు, మేకల దొడ్డి అన్నీ అతని చేతివే.

"నీకు తుపాకీ పని వచ్చా?" అని కఫీల్ అడిగాడు.

"మా ఊర్లో అడివిపందులు నా పేరు చెప్తే పారిపోతాయి బాబా" అన్నాడు చిన్నపుల్లయ్య.

అతనికి అరబ్బీ అంతంత మాత్రం. సామాన్ల గది చూసుకునే నేనే మధ్యవర్తిని. పందుల మాట ఎందుకులే అని చిరుతపులులని మార్చాను. కాన్వెంటులో సిస్టరమ్మ అబద్ధమాడొద్దని చెప్పింది గానీ, అనువాదం గురించి ఏమీ అనలేదు.

చిన్నపుల్లయ్య భార్య సంజీవమ్మ మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో పనిచేస్తుంది. ఇద్దరూ కలిసి ఊరికి వెళ్ళి ఆరేళ్ళయింది. ఒకరికి సెలవు దొరికితే ఇంకొకరికి దొరకదు. ఈసారి ఆమె 'మామా', అంటే ఆ ఇంటి యజమానురాలు, దసరా తర్వాత రెండు నెలలు వెళ్ళి రమ్మంది. చిన్నపుల్లయ్య పరుగున వచ్చి తనకూ సెలవు కావాలన్నాడు. అబూ ఫహద్ గడ్డం నిమురుకున్నాడు.

"మూడు వారాల్లో నా తమ్ముడు వస్తాడు. యాభై అడుగుల్లో పాలపొడి డబ్బా పెడతాం. నా తుపాకీ దాన్ని కొడితే అక్కడే సంతకం. కొట్టకపోతే వచ్చే ఏడు చూద్దాం."

చిన్నపుల్లయ్య చెంప ఆనే చోట చెక్కాడు. ఉప్పు కాగితంతో రుద్దాడు. అవిసె నూనె పట్టించి, ఆరబెట్టి, మళ్ళీ రుద్దాడు. ఎంత నునుపంటే, దానిమీద వాలిన ఈగ జారి కిందపడడం నేను కళ్ళారా చూశాను. గుండు మాత్రం ప్రతిసారీ జానెడు ఎడమకే పోయేది. కఫీల్ తుపాకీ ఎత్తగానే ఒక మేక వచ్చి సరిగ్గా డబ్బా ముందు పడుకునేది. తోటలో అంతకంటే భద్రమైన చోటు లేదని దానికి తెలిసిపోయింది. అసలు గొట్టం చివరనున్న ఇత్తడి గురి ముక్క, ఎండకు ఇసక మెరుస్తుంటే, ముసలాయనకు కనిపించేదే కాదు. ఆ సంగతి ఆయన ఒప్పుకుంటేగా!

పందేనికి ముందురోజు సంజీవమ్మ ఫోన్ చేసింది.

"ఏమయ్యా, ఈ పొద్దు ఆయుధ పూజ. ఉలికీ రంపానికీ బొట్టు పెడతావు, తుపాకీకి పెట్టవా? అందుకే అది మొరాయిస్తాండేది!"

"అది కఫీల్‌ది మే. చూస్తే ఊరుకుంటాడా?"

"పెట్టి, దండం పెట్టుకుని, తుడిచెయ్. దేవుడు చూస్తే చాలు, కఫీల్ చూడక్కర్లా."

గొట్టం చివర మధ్యలో ఇత్తడి ముక్క అడ్డుంది. దానికి ఎడమ పక్కన పసుపు ముద్ద పెట్టి, పైన కుంకుమ అద్దాడు. తీరా తెల్లారి తుడవబోతే, అవిసె నూనె అంటిన చేత్తో కలిపిన పసుపు రాయిలా బిగిసిపోయింది. గోరుతో గీకుతుండగానే తమ్ముడిగారి కారు వచ్చి ఆగింది. అబూ ఫహద్ తుపాకీ లాక్కున్నాడు.

"ఈ ఎర్రది ఏంటి?"

చిన్నపుల్లయ్య పసుపంటిన గోళ్ళు వెనక్కి దాచుకున్నాడు. "మా పండగ బాబా..." అని నసిగాడు.

"మా దేశపు నిపుణులు పెట్టే గురి గుర్తు" అని నేను అనువదించాను.

మేకను ముందే కట్టేశాం. ముసలాయన ఎర్ర చుక్కను డబ్బాకు సరిచూసుకుని పేల్చాడు. పొగ తేలిపోయేసరికి దిమ్మ మీద డబ్బా లేదు. ఎక్కడో దూరాన వఫ్రాలో దొరికిందని అంటారు, నేను వెళ్ళి చూడలేదు.

చుక్క ఎడమ పక్కన ఉండడంతో గొట్టం కాస్త కుడికి తిరిగి, గుండు జానెడు కుడికి జరిగింది, అంతే. చిన్నపుల్లయ్యకు ఆ క్షణంలోనే అర్థమైంది. కఫీల్ కలం తీశాక కూడా అతను ఆగలేకపోయాడు.

"బాబా, అది గురి గుర్తు కాదు. మా ఆడమనిషి చెప్పిన పూజ."

ఈసారి నేను ఉన్నదున్నట్టు అనువదించాను. చాలా కష్టమైంది. అబూ ఫహద్ నన్నూ, అతన్నీ, తుపాకీనీ వరసగా చూసి, కడుపు పట్టుకుని నవ్వాడు.

"అయితే ఆమెకే ఇవ్వాలి సెలవు. నువ్వు తోడు వెళ్ళు. ఖలాస్!" అని సంతకం గీకాడు.

ఆ సాయంత్రమే చిన్నపుల్లయ్య ఇత్తడి ముక్కను పసుపు ఉన్న చోటికి జరిపి, దానికి ఎర్ర రంగు పూశాడు. వారం తర్వాత ఇద్దర్నీ విమానాశ్రయంలో దింపింది నేనే. దారి పొడవునా సంజీవమ్మ ఒకటే మాట.

"నేను చెప్పబట్టే గదా!"

"తుడిచెయ్యమని గూడా నువ్వే చెప్పినావు" అన్నాడు చిన్నపుల్లయ్య.

"నా మాట నువ్వు ఎప్పుడు పూర్తిగా విన్నావు గనక! ఆ గుణం తెలిసే చెప్పినా."