ఎండను నమ్మి తీసేసిన కుంపటి

గింజలు కళ్లెదుటే ఉన్నా కోడిపిల్లలు ఎందుకు అరుస్తాయో గుర్తుందా మీకు? ఈ ఉదయం మా పక్కింటి పెరట్లోంచి ఆ చలి అరుపే విన్నాను.

తల్లి లేని పిల్లల్ని మా అవ్వ గంప కింద, బూడిద కప్పిన కుంపటితో సాకేది. రోజురోజుకూ నిప్పులు తగ్గిస్తూ, మధ్యాహ్నం కాసేపు బయట తిప్పేది. ఆ వెచ్చని బూడిద వాసన గుర్తొస్తోందా?

"మన రాయచూరు ఎండల కుంపటెందుకమ్మా? ఊరోళ్లంత నవ్వుతరు!" అని చిన్నాన్న ఒకనాడు దాన్ని తీసేశాడు. ఆ రాత్రి వానగాలి తిరిగింది. తెల్లారి గంప ఎత్తితే, వెచ్చదనం కోసం ఒకదానిమీదొకటి ఎక్కి, పిల్లలన్నీ కుప్పగా చచ్చి ఉన్నాయి.

"ఎండను జూసినవ్, గాలిని మరిసినవ్ గదరా," అంది అవ్వ.

ఆశ్రయమిచ్చి నడుమ విడవడం మహాపాపమని శాస్త్రం ఘోషిస్తోంది. నేను పక్కింటికి పోతున్నాను. మీ పెరట్లోనూ తల్లి లేని కోడిపిల్లలుంటే లేవండి, ఈరోజు పొద్దు వాలకముందే కుంపటి రాజేయండి!