పట్టేసిన కాళ్లు, మండిన నూనె

మొన్న ఆదివారం ఆరాధనలో అందరం మోకరించినప్పుడు మా చెల్లెలి కొడుకు ఒక్కడే బల్ల పట్టుకుని నిలబడిపోయాడు. సంఘ పెద్దలు రెండుమూడుసార్లు వెనక్కి తిరిగి చూశారు. బయటికొచ్చాక అడిగితే, జిమ్‌లో చేరానని, మొన్న బరువులతో గుంజీలు తీయించారని, ఇవాళ మోకరిస్తే మళ్లీ లేవలేడని నవ్వుతూ చెప్పాడు. నాలుగు రోజుల్లో పోతుందని ఫోనులో చదివాడట. నేనూ నవ్వాను గానీ, ఆ నొప్పిని మా ఇంట్లో ఒకప్పుడు ఎవరం నవ్వుతూ చూడలేకపోయామన్న సంగతి మనసులో మెదిలి, ఇంటికొచ్చేదాకా నన్ను వదల్లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. మాది దర్శికి అవతల, పత్తి, మిరప చేల మధ్య ఊరు. నేను డిగ్రీ పూర్తిచేసి, అమ్మతో పాటు మిరపకోతలకు వెళుతూనే పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. పరుగు, లాంగ్ జంప్, గుండు విసరడం ఉంటాయని కబురు అందేసరికి పట్టుమని పది రోజులు కూడా లేవు. ఈసారి తప్పితే మళ్లీ పిలిచేనాటికి నాకు వయసు దాటిపోతుంది. ఆ ఒక్క మాట మా ఇంట్లో అన్నం దగ్గరా, ప్రార్థనలోనూ, చేలోనూ తిరుగుతూ ఉండేది.

మా చిన్నాన్న హైస్కూల్లో డ్రిల్లు మాష్టారు. మొదటి రోజు నడిచి, కాస్త నెమ్మదిగా పరుగెత్తి, నాలుగైదు దూకులు దూకి ఆపేయమని చెప్పి, ఆయన బడి పిల్లల్ని తీసుకుని ఆటల పోటీలకు పోయారు. చిన్నప్పటి నుంచి పొద్దస్తమానం వంగి మిరపకాయలు కోసిన ఒంటికి దూకడం ఒక లెక్కా అనుకున్నాను నేను. బడి వెనకున్న ఇసుక గుంటలో ఎండ చుర్రుమనేదాకా దూకాను. ఆ సాయంత్రం ఏ నొప్పీ లేదు. దేవుడు బలం ఇచ్చాడని స్తోత్రం చెప్పుకుని పడుకున్నాను. మర్నాడు తొడలు కాస్త బరువుగా అనిపించాయి. ఆ మరుసటి పొద్దున మాత్రం మంచం మీద నుంచి కాళ్లు కిందికి దించలేకపోయాను. గోడ పట్టుకుని లేవడం, అమ్మ రెక్క పట్టుకుంటే గానీ కూర్చోలేకపోవడం, గడప దిగాలంటే కళ్లలో నీళ్లు తిరగడం.

దెబ్బ తగిలితే అప్పుడే నొప్పి పుట్టాలి కదా, రోజు దాటాక పుట్టిందంటే ఇది మరేదో రోగమని అమ్మ భయం. నరం తెగిందేమోనని మేనత్త భయం. నా భయం వేరు. ప్రభువే ఈ తలుపు మూసేస్తున్నాడా, వద్దని నా కాళ్లు కట్టేశాడా అని లోలోపల కుమిలిపోయాను. అడిగినది ఇవ్వకపోయినా ఆయన దేవుడేనని ఆదివారపు బడిలో పిల్లలకు చెప్పేదాన్ని నేనే. ఆ మాట నా దాకా వచ్చేసరికి నాకు నేను చెప్పుకోలేకపోయాను.

ఆ సాయంత్రం మా సంఘంలోని అక్కలు, పిన్నులు అందరూ కల్లంలో ఎండుమిరపలోంచి తాలుకాయలు ఏరి, కాళ్లూ చేతులూ కడుక్కుని నేరుగా మా ఇంటికొచ్చారు. పాట పాడి, ప్రార్థించిన నూనె అరచేతుల్లో పోసుకుని, తలా ఒక చోట నా తొడల మీదా పిక్కల మీదా చేతులు వేసి గట్టిగా ప్రార్థన చేయసాగారు. కాసేపటికి కాళ్లు వెచ్చబడ్డాయి, తర్వాత చురచురలాడాయి, ఆ తర్వాత నిప్పులో పెట్టినట్టయింది. నేను మెలికలు తిరుగుతుంటే మేనత్త నా భుజం అదిమి పట్టుకుంది.

"కదలమాకమ్మే, దేవుని అగ్ని దిగుతావుంది."

"అగ్ని కాదత్తా, మిరపకాయ. మీ చేతులు చూసుకోండి ముందు."

పాట ఆగిపోయింది. ఒక్కొక్కరూ అరచేయి వాసన చూసుకున్నారు. రోజంతా కాయలు ఏరిన చేతులకు ఘాటు ఉత్త నీళ్లతో ఎక్కడ పోతుంది? "అయ్యో నా తల్లీ, నీ కాళ్లకి తాలింపు పెట్టామే" అని ఒక పిన్ని అనేసరికి, ఏడుస్తున్న అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సబ్బుతో కడిగి, మజ్జిగ రాసి, ఈసారి దూరంగా కూర్చునే ప్రార్థన ముగించారు.

మర్నాడు ఊరికొచ్చిన చిన్నాన్న, కందిపోయిన నా కాళ్లు చూసి ముందు హడలిపోయారు. జరిగింది విన్నాక నామీద కోప్పడ్డారు. కాలు వాచిందా, మూత్రం రంగు మారిందా అని అమ్మను పక్కకు పిలిచి అడిగి, అవేమీ లేవన్నాక స్థిమితపడ్డారు.

"రోగం లేదు, పాడూ లేదు వదినా. వంగి కోసేటప్పుడు పనిచేసే కండ వేరు, దూకి ఆగేటప్పుడు ఒళ్లు మోసే కండ వేరు. అలవాటు లేని పని ఒక్కసారే చేయిస్తే రెండోరోజు ఇట్టాగే పట్టేస్తది. దానంతటదే పోద్ది."

గట్టిగా పిసకొద్దన్నారు, మంచం మీద పడి ఉండొద్దన్నారు. హాయిగా ఉంటే గోరువెచ్చటి నీళ్లు పోసుకోమని, మెల్లగా గట్ల మీద నడవమని, నొప్పి తగ్గేదాకా ఇసుక గుంట వైపు పోవద్దని, నీళ్లు బాగా తాగమని చెప్పారు. నేను ఉపవాసం ఉంటున్నానని తెలిసి, "ఆ ఉపవాసమేదో మీ అమ్మ ఉంటదిలే, నువ్వు గుడ్లు తిను" అన్నారు.

ఆ రోజుల్లో పొద్దున్నే కళ్లు తెరవకముందే బొటనవేలితో తొడ నొక్కి చూసుకునేదాన్ని. అమ్మా వాళ్లూ కాయలు కోస్తుంటే నేను గట్టు మీద ముసలమ్మలా నడిచేదాన్ని. నొప్పి తగ్గుతూ వచ్చింది గానీ, దానితో పాటు రోజులూ కరిగిపోయాయి. చివర్లో చిన్నాన్న కొద్దికొద్దిగా దూకించారు.

పరీక్షనాడు పరుగూ గుండూ ఎలాగో గట్టెక్కాయి. లాంగ్ జంప్‌లో మొదటిసారి గీత తొక్కాను. రెండోసారి దూరం చాలలేదు. మూడోసారి దూకి ఇసుకలో కూలబడ్డాక, కొలిచిన ఆయన ఏదో రాసుకుని "పక్కకెళ్లమ్మా" అన్నాడు. ఏ పక్కకో తెలియక నిలబడిపోయాను. ఆయన తల ఎత్తకుండానే, నెగ్గి ఉండాల్సినవాళ్లు కూర్చున్న వరుస వైపు పెన్ను చూపించాడు. ఇంటికి పోకుండా తిన్నగా చేలోకి వెళ్లి చెబితే, అమ్మ స్తోత్రం అంటూ అక్కడే చతికిలబడి, అన్నం తిన్నావా అని అడిగింది.

ఆ ఉద్యోగమే ఇన్నేళ్లు నాకు కూడు పెట్టింది. ఇప్పుడు మా ఊళ్లో కోతలకు ఎక్కడెక్కడి నుంచో మనుషులు ఆటోల్లో దిగుతున్నారు. ఆ అక్కల్లో కొందరు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు, మిగిలినవాళ్లు పిల్లల దగ్గర తలా ఒక ఊళ్లో ఉన్నారు. నొప్పి ఎందుకొచ్చిందో, ఎప్పుడు పోతుందో ఈనాటి పిల్లలకు క్షణంలో తెలిసిపోతోంది, మంచిదే. మేం పడ్డ భయం ఎవరూ పడకూడదు. కానీ నిరుడు నా చీలమండకి ఆపరేషన్ అయినప్పుడు, సంఘం వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. అన్నిటికీ ఆమెన్ అని జవాబిచ్చి, ఫోను పక్కన పెట్టి, కట్టు మీద నా చెయ్యి నేనే వేసుకుని ప్రార్థన చేసుకున్నాను.