పటంలోని అమ్మ

మొన్న మనవరాలు ఫోనులో ఒక పాతకాలపు బొమ్మ చూపించింది. రాగిరేకు మీద సన్నని గీతలు చెక్కి, సిరా పూసి, కాగితం మీద అద్దిన దొరల దేశపు బొమ్మట; ఒడిలో బిడ్డతో మరియమ్మ, వెనక నీడలో యోసేపు. పిల్ల ఆ బొమ్మ వయసు లెక్క చెబుతూనే ఉంది, నేను మాత్రం గిద్దలూరు దగ్గరి మా పల్లెకు, మేమున్న పూరి కొట్టంలోకి వెళ్లిపోయాను.

మా తాలూకాను కర్నూలు నుంచి తీసి కొత్త జిల్లాలో కలిపిన రోజులవి. నాకు మాటలు రాకముందే అమ్మ పోయింది. కూలికి పోయే మా ఇళ్లలో ఫొటో ఎవరికుంటుంది? నాయన మార్కాపురం పలకల గనిలో పని చేస్తూ శనివారం వచ్చి, ఆదివారం ఆరాధన కాగానే బస్సెక్కేవాడు. మిగిలిన వారమంతా నేను, అవ్వ, ఎప్పుడో మిషను దొరసాని మా తాతకిచ్చిన అలాంటి మరియమ్మ పటమే ఒకటి, గోడ మీద. అమ్మ కావాలని నేను ఏడుస్తుంటే అవ్వ విసిగిపోయి, "అదో, మీయమ్మ ఆడ కూర్చోనుంది సూడు" అన్నది. ఊరుకోబెట్టడానికి అన్న మాటే, నేను పట్టేసుకున్నాను. బొమ్మలకు మొక్కకూడని ఇల్లు గనుక మొక్కలేదు గానీ, నా కబుర్లన్నీ ఆమెకే చెప్పుకున్నాను. ఒడిలోని ఆ బొద్దు బిడ్డను నేనే అనుకున్నాను, పోలిక ఎక్కడ కనిపించిందో మరి.

ఒక క్రిస్మసుకు గోడలకు సున్నం కొట్టాలని పటం దించినప్పుడు, కొత్త గుడి గోడకు అలంకారంగా పెడతామని సంఘ పెద్దలు అడిగితే అవ్వ ఇచ్చేసింది. నేను అన్నం ముట్టలేదు. ఆదివారం అక్కడ కనిపిస్తుంది నిజమే, కానీ అందరి ముందూ ఆమెతో ఎట్లా మాట్లాడేది? నాయన రాగానే, సంచి కూడా దించనీయకుండా, "అమ్మను గుడికి తీసకపోయినారు నాయనా" అన్నాను. అవ్వ తలవంచుకుని సంగతి చెప్పింది. నాయన నన్ను దగ్గరికి తీసుకున్నాడు.

"ఆమె మరియమ్మ. మీయమ్మ కాదమ్మా."

"మరి మా అమ్మ ఎట్లుంటాది?"

"నల్లగా ఉండేది. నవ్వితే..." అని ఆగి, కళ్లు మూసుకుని చాలాసేపు వెతుక్కున్నాడు. "సరిగా గుర్తుకు రావడం లేదమ్మా" అంటూ బయటికి వెళ్లి ఏడ్చాడు. నాకు అమ్మ ఆ రోజే పోయింది.

ఇప్పుడు పసిబిడ్డ కళ్లు తెరవకముందే ఫోను నిండా ఫొటోలు. మంచిదే. మా తరంలో పోయినవాళ్ల ముఖాలు బతికున్నవాళ్ల మాటల్లోనే ఉండేవి. అవ్వ, నాయన పోయాక నాకు అడగడానికి కూడా ఎవరూ మిగలలేదు. ఒంటరిగా జ్వరంతో పడుకుని "అమ్మా" అని మూలిగితే, కళ్ల ముందుకొచ్చేది ఈనాటికీ ఆ పటంలోని తల్లే. నువ్వు మా అమ్మవు కాదని ఆమెతో అనడానికి నాకు నోరు రాదు.