నీలిమందు పెట్టిన పళ్లు

లక్ష్మణ్ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి ఫిట్టరుగానే రిటైరయ్యాడు. ఒక లోహం ఇంకో లోహంలో ఇరుక్కోకుండా, వదులు కాకుండా కూర్చోవాలి. ఆయన ఉద్యోగమంతా అదే. ఇంట్లో తలుపు గడియలు, కుక్కరు మూత, పక్కింటివాళ్ల కుళాయి కూడా ఆయన చెప్పినట్టే కూర్చున్నాయి. నోట్లో పళ్లు మాత్రం మాట వినలేదు. చిగుళ్ల జబ్బుతో ఒక్కొక్కటే కదిలాయి. మిగిలినవాటిని డాక్టరు తీసేసింది.

పళ్లు పోయాక బుగ్గలు లోపలికి వెళ్లాయి. మాటల్లోంచి గాలి పోసాగింది. దానికి ఆయన పెద్దగా బాధపడలేదు, మాట్లాడడం తగ్గించాడు. బాధంతా అన్నం దగ్గర వచ్చింది.

మెట్టుగూడలోని ఆ రెండు గదుల ఇంట్లో ఆయనా, భార్య శ్యామలమ్మా పెళ్లయినప్పటినుంచీ ఎదురెదురుగా కూర్చునే తిన్నారు. ఏ షిఫ్టు దిగి వచ్చినా ఆమె తినకుండా ఆగేది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆయన ఏదో ఒక వంక పెట్టేవాడు. పులుపెక్కువైందనో, పప్పు ఉడకలేదనో, ఉప్పు తక్కువైందనో. ఆమె వినేది. ఏమీ మార్చేది కాదు.

ఇప్పుడాయన మెత్తగా పిసికిన అన్నం పళ్లెం పట్టుకుని వెనక వరండాలోకి వెళ్తున్నాడు. గోడవైపు తిరిగి తింటున్నాడు. వంక పెట్టే మనిషి లేక ఆ ఇంట్లో భోజనం తొందరగా అయిపోతోంది.

యాప్రాల్‌లో ఉండే కూతురు అనుపమకు శ్యామలమ్మ ఫోను చేసింది.

"మీ నాయనకు పండ్లు పెట్టియ్యాలె బిడ్డా. ఆయన గోడను చూసుకుంట తింటుండు. నేను ఆయన వీపు చూసుకుంట తింటున్న."

అనుపమ వాళ్లను పళ్లు తీసిన డాక్టరు దగ్గరికే తీసుకెళ్లింది. ఆ డాక్టరు శ్రీలలిత కాకినాడ వైపు మనిషి. నోటి అచ్చు తీసుకుని పైకీ కిందికీ పళ్ల సెట్టు చేయించింది. పెట్టి, అద్దం చేతికిచ్చింది. అద్దంలో బుగ్గలు తిరిగి వచ్చాయి. మొదట్లో ఒరుసుకుంటుందని, పై సెట్టు అంగిలిని కప్పేస్తుంది కాబట్టి కొన్నాళ్లు రుచి సరిగ్గా తెలియదని ఆమె నెమ్మదిగా చెప్పింది. చిన్న చిన్న ముద్దలు రెండు వైపులా నమలాలి. పడుకునేముందు తీసి చన్నీళ్లలో వేయాలి. మరీ వేడి నీళ్లయితే వంకరపోతాయి. ఎక్కడ నొక్కినా తన దగ్గరికే రావాలి. శ్యామలమ్మ అన్నీ విన్నది. లక్ష్మణ్ చివరిది తప్ప అన్నీ విన్నాడు.

గూట్లో గాజుగ్లాసు చేరింది. నీళ్లలో పళ్లు ఎవరూ చెప్పని మాటకు నవ్వుతున్నట్టు ఉండేవి. ఇంటి వెనక పట్టాల మీద గూడ్సు బండి వెళ్లినప్పుడల్లా సన్నగా వణికేవి, చలికాలం వాటికే ముందు తెలిసినట్టు.

కింది సెట్టు కుడివైపు నొక్కింది. లక్ష్మణ్‌కు ఇది తెలిసిన పనే. వర్క్‌షాపులో ఒకదానికి నీలం రంగు పూసి రెండోదాంట్లో కూర్చోబెడతారు. రంగు అంటిన చోటు ఎత్తు. అక్కడ గీకాలి. ఆ రంగు నోటికి మంచిది కాదని ఆయనకు తెలుసు. అందుకని జాగ్రత్తపడి, బట్టలకు పెట్టే నీలిమందు తీసుకున్నాడు. చిగుళ్లకు పూసుకున్నాడు. సెట్టు పెట్టి కరిచాడు. తీసి, సెట్టు అడుగున నీలం అంటినచోటల్లా గీకాడు.

సాయంత్రానికి నొప్పి పోయింది. సెట్టు నిలవడం కూడా మానేసింది. ఇడ్లీ కొరికితే ఇడ్లీతో పాటే బయటికొచ్చింది.

శ్యామలమ్మ ఆయన నీలం పెదవులను చూసింది.

"ఏం జేసినవ్?"

"ఫిట్టింగ్."

"మల్ల గోడ కాడికేనా?"

మర్నాడు ఆయన పొద్దున్నే క్లినిక్కు తెరవకముందే మెట్ల మీద కూర్చున్నాడు.

శ్రీలలిత ఆయన నోట్లోకి చాలాసేపు చూసింది. "అంకుల్, మీరే గీకారా?"

"జెర ఎత్తుండె మేడమ్."

ఆమె కోప్పడలేదు. సెట్టు పెట్టి, పళ్ల మధ్య చిన్న నీలం కాగితం ఉంచి కరవమంది. సెట్టు తీసి చూపించింది. పన్ను మీద నీలం చుక్క.

లక్ష్మణ్ కుర్చీలో లేచి కూర్చున్నాడు. "మీరు సుత నీలమేనా?"

"మేమూ నీలమేనండీ. ఎత్తు పైవైపు, పన్ను మీదుంది; మీరు అడుగున గీకేశారు. నొప్పి ఉన్నచోటే తప్పుండాలని లేదు. పైగా మీ ఇనుము ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. చిగురు అలా ఉండదు. పళ్లు తీశాక అది కుంచించుకుపోతూనే ఉంటుంది. అందుకే మళ్లీ మళ్లీ రమ్మంటాను."

అలాంటి లోహం ఆయన సర్వీసులో తగల్లేదు. గీకిన అడుగు మళ్లీ పోయించడానికి సెట్టు అక్కడే వదిలి వెళ్లాలంది శ్రీలలిత. పనిని ఇంకొకరి చేతిలో పెట్టి బయటికి రావడం ఆయనకు అలవాటు లేదు. గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి చూశాడు. వచ్చేశాడు.

సెట్టు తిరిగొచ్చిన రోజు శ్యామలమ్మ తోటకూర పప్పు చేసింది. రెండు పళ్లేలు ఎదురెదురుగా పెట్టింది. పిలవలేదు. లక్ష్మణ్ వరండా వైపు చూశాడు. తర్వాత పళ్లెం ముందు కూర్చున్నాడు. పెదవుల మీద నీలం ఇంకా పూర్తిగా పోలేదు. మొదటి ముద్దకు పళ్లు టక్కుమన్నాయి. శ్యామలమ్మ తన పళ్లెంలోకి చూసుకుంది. ఆయన రెండు వైపులా నమిలాడు, చాలాసేపు. వెనక గూడ్సు బండి మొత్తం వెళ్లిపోయింది.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు.

ఉప్పు సరిపోయింది. రుచి ఇంకా తెలియదని డాక్టరు చెప్పిన మాట ఆమెకు గుర్తుంది. శ్యామలమ్మ విన్నది. ఏమీ మార్చలేదు. ఇంకో గరిటె పప్పు వేసింది.