దొర పాత్ర నేనే చదివాను

ఈ సాయంత్రం డుమస్ బీచ్‌లో టొమాటో భజియాలు నూనెలో పడి చుయ్యిమన్నాయి. ఆ వాసనకు రాజలింగం సార్ గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మొన్న ఆయన సంతాప సభలో, సముద్రం ఒడ్డున నవలలు చదివించాలన్న ఆలోచన నాదేనని, ఆ రోజులు చూడనివాళ్లంతా పొగిడారు. చేతులు కట్టుకుని విన్నాను. అది నిజం కాదు.

సార్ కరీంనగర్ వైపు తెలుగు పంతులు. రిటైరయ్యాక గుజరాత్‌లోని డిండోలికి, కొడుకు దగ్గరికి వచ్చారు. నేనక్కడ మరమగ్గాల కార్ఖానాలో సూపర్‌వైజర్‌ని. సెలవు రోజున ఆయన తన ఇంటి ఓనరు ఇచ్చిన హాల్లో మా తెలుగు కార్మికులతో నవలలు చదివించేవారు. ఒక్కో పాత్ర ఒక్కొక్కరికి. దొర పాత్రకు కుర్చీ, మిగతావాళ్లంతా నేల మీద. ఒకసారి తెలుగులోకి అనువాదమైన ఒక పాత యూరపు నవల తెచ్చారు. దీవిలో చెరకుతోట, ఓడల్లో తెచ్చిన కూలీలు, వాళ్లకు చర్చి కట్టించిన తెల్లదొర. దొర పాత్ర నాకిచ్చారు.

"వీళ్లు నా బిడ్డలు. వీళ్ల కోసమే సముద్రాలు దాటి వచ్చాను" అని చదువుతుంటే నా గొంతు తీయగా పలికింది. కళ్లు కూడా తుడుచుకున్నాను. హాలంతా గొల్లున నవ్వింది.

"అన్నా, గిది నువ్వు సోమారం సోమారం మాకు జెప్పేదే గద!" అన్నాడు మగ్గం నడిపే లచ్చన్న. "జరమొచ్చి ఛుట్టీ అడిగిననాడు మాత్రం బిడ్డలం గాము!"

పేజీ తిప్పాను. జ్వరంతో పనికి రాని కూలీని కొట్టంలో పెట్టి తాళం వేయించి, దొర ప్రార్థనకు వెళ్లాడు.

"ఈయన మంచోడనుకున్న సార్" అన్నాను.

"అనుకోవాలెనయ్యా. రాసినాయన దొరను ఒక్క మాట తిట్టలే. మాట్లాడనిచ్చిండు, గంతే."

అందరూ మళ్లీ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మర్నాడే ఆ ఇంటి ఓనరు దగ్గరికి వెళ్లి, హాల్లో కార్మికులు గుంపు కడుతున్నారని చెప్పాను. ఆయన హాలుకు తాళం వేశాడు.

చదువు ఆగిపోతుందనుకున్నాను. తర్వాతి సెలవుకు అందరూ పుస్తకం పట్టుకుని డుమస్ బస్సెక్కారు, నన్నూ లాక్కుపోయారు! అలల హోరు వాళ్లకొక లెక్కా? మగ్గాల మోత మధ్య మాట్లాడే గొంతులవి. భజియాల బండి గుజరాతీకి తెలుగు ఒక్క ముక్క అర్థం కాకపోయినా, దొర మాట వచ్చినప్పుడల్లా ఈల వేశాడు. ఉండబట్టలేక సార్‌ని పక్కకు తీసుకెళ్లాను.

"హాలు మూయించింది నేనే సార్."

ఆయన నోట్లోది నమిలి మింగి, కడుపు పట్టుకుని నవ్వారు. "నవలలోని దొర ఆఖరి పేజీ దాంక తప్పు ఒప్పుకోలే. నువ్వు భజియాలు సల్లారకముందే ఒప్పుకున్నవు. దా, నీ పాత్ర ఇంక మిగిలే ఉన్నది!"

ఆయన ఆ మాట ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, ఇప్పటిదాకా.

పెద్దమనుషులు మాట్లాడే ఏ పుస్తకాన్నయినా నేనిప్పుడు పైకే చదువుతాను. ఎక్కడ నా గొంతు మరీ తీయగా పలుకుతుందో అక్కడ ఆగి, తాళం ఎవరి మీద పడిందో వెతుక్కుంటాను.