తెరిచి చూడని గొడుగులు

తాత మొహాన్ని కోడలు ఇంటర్నెట్‌లో పెట్టింది. హాలు మధ్యలో నిలబెట్టి, నల్లగొడుగు తెరిచి పట్టుకోమని, కాస్త నవ్వమంది. తాతకి నవ్వే అలవాటు లేదు గనక మీసం మెలేశాడు. అదే బాగుందని అదే ఉంచేసింది. కింద 'గొడుగుల తాత దుకాణం' అని రాసింది. తాత పైకి మాత్రం, "ముసలాడి మొహం ఎవడు చూస్తాడమ్మా" అని గొణిగాడు. కానీ నానమ్మ వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా ఫోను తీసి, ఆ ఫోటోని రెండు వేళ్లతో పెద్దది చేసి చూసుకునేవాడు. మీసం ఎడంవైపు కాస్త వాలిందన్న దిగులు తప్పితే ఆ ఫోటో మీద ఆయనకి ఏ ఫిర్యాదూ లేదు.

ఆ మొహం వెనక ఒక కొట్టు ఉండేది. బస్సులు ఆగే చోటికి ఎదురుగా, ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడితే మూడోవాడు బయట నిలబడాల్సినంత కొట్టు. కప్పు నుంచి గొడుగులు గబ్బిలాల్లా వేలాడేవి. తాత ఏ గొడుగునీ తెరవకుండా అమ్మింది లేదు. బటన్ నొక్కి టప్పున తెరిచేవాడు. గిర్రున తిప్పేవాడు. ఊచ ఊచకీ వేలు తగిలించి చూసేవాడు. వెలుతురుకి ఎత్తి బట్టలో సూదిబెజ్జాలున్నాయేమో వెతికేవాడు. చివరికి తడిగుడ్డతో అంచు రుద్ది, రంగు దిగదని తేలాక మడిచి చేతికిచ్చేవాడు. వాన దంచి కొడుతున్నా, జనం కొట్టు ముందు తోసుకుంటున్నా ఇదే తంతు. "ఈయన గొడుగు ఇచ్చేలోపు వాన వెలిసిపోతుంది" అని పక్క చెప్పుల కొట్టాయన అరిచేవాడు. నచ్చని గొడుగుని తాత మూలకి విసిరేసి, సరుకు పంపినవాడికి తిట్లతో సహా తిప్పి పంపేవాడు.

తర్వాత ఆ వరసంతా ఎవరో కొని పడగొట్టి, అద్దాల గోడలతో ఫోన్ల షాపు కట్టారు. తాత ఇంటికొచ్చి కూర్చున్నాడు. ఇంట్లో ఉన్న ఒక్క గొడుగునీ తెరుస్తూ మూస్తూ ఉంటే, "హాల్లో చినుకులు పడుతున్నాయా ఏమిటి" అని నానమ్మ దెప్పేది.

అదే రోజుల్లో కోడలు పనిచేసే ఆఫీసు మూతపడింది. బస్సు డ్రైవరుగా కొడుకు తెచ్చేది ఇంటికి బొటాబొటి. అందుకని కోడలు ఆన్‌లైన్‌లో దుకాణం తెరుస్తానంది. ఏం అమ్ముతావంటే గొడుగులంది.

"సరుకు మన గడప తొక్కక్కర్లేదు మామయ్యా. ఆర్డరు మనకొస్తుంది, మనం హోల్‌సేలు ఆయనకి చెప్తాం. ఆయన మన పేరుతో కట్టి నేరుగా కొన్నవాళ్లింటికే పంపేస్తాడు. డ్రాప్‌షిప్పింగ్ అంటారు దీన్ని."

"మరి తెరిచి చూసేదెవరు?"

"పంపేవాళ్లే చూసుకుంటారు."

"వండినవాడే తిని బాగుందని చెప్తాడన్నమాట."

"అందుకే కదా మీకు చెప్తున్నాను. నమ్మకమైనవాణ్ణి మీరే వెతికిపెట్టండి. పేరు మీది, మొహం మీది. నా మొహం చూసి ఎవరు కొంటారు?"

ఈ మాటతో తాత పడిపోయాడు. పొగిడితే పడిపోయే మనిషని ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. ఆ రోజు నుంచి కళ్లజోడు తుడుచుకుని, ఫోను ముందు పెట్టుకుని, పెళ్లికొడుకుని వెతికే తండ్రిలా సప్లయర్లని వెతకడం మొదలెట్టాడు.

మొదట దొరికినవాడు మహా తియ్యటి గొంతువాడు. "మాది సొంత ఫ్యాక్టరీ సార్, అన్నీ మా దగ్గరే తయారవుతాయి" అన్నాడు.

"అన్నీ అంటే?"

"గొడుగులు, పాలసీసాలు, రంపాలు, తలనూనె, మీకు ఏది కావాలంటే అది."

"గొడుగుకి ఊచలు ఎన్నుంటాయి నాయనా?"

"మీకు ఎన్ని కావాలి సార్?" అన్నాడు వాడు.

రెండోవాడు తన గోడౌను ఫోటో పంపాడు. కొండంత సరుకు. కోడలికి అదే ఫోటో ఇంకో ముగ్గురి దుకాణాల్లోనూ కనిపించింది. మూడోవాడు ఫోటో పంపకుండా చిరునామా ఇచ్చాడు. ఊళ్లోనే కావడంతో తాత ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కోడల్ని వెంటేసుకుని బయల్దేరాడు. ఆ చిరునామాలో కింద క్షౌరశాల ఉంది. పక్కనున్న ఇరుకు మెట్లు ఎక్కితే ఒక గది. గదిలో మంచం, దాని మీద ఒక కుర్రాడు, చేతికొక ఫోను. గొడుగన్నది మచ్చుకైనా లేదు.

"సరుకేది బాబూ?" అన్నాడు తాత.

"సరుకు నా దగ్గరెందుకుంటుంది తాతా? మీరు నాకు చెప్తారు, నేను మా పైవాడికి చెప్తాను."

"ఆ పైవాడి దగ్గరుంటుందా?"

"వాడు ఇంకొకడికి చెప్తాడనుకుంటా. నేనెప్పుడూ అడగలేదు."

"అడగాలనిపించలేదా?"

"అడిగితే మాత్రం నాకు చెప్తారా? నన్నే వదిలేసి మీలాంటివాళ్లు నేరుగా వాళ్ల దగ్గరికి పోరూ?" అన్నాడు కుర్రాడు. వాడిలో కపటం లేదు. కూర్చోమని మంచం మీద చోటు కూడా చూపించాడు.

దారి పొడుగునా తాత ఆ కుర్రాణ్ణి, వాడి పైవాణ్ణి, ఆ పైవాడి పైవాణ్ణి వరసగా తిట్టుకుంటూ వచ్చాడు. ఇంటి మలుపు దగ్గర ఆగి, నుదురు కొట్టుకున్నాడు. "నా బుర్రలో గుజ్జు లేదమ్మా. బావని పెట్టుకుని వీళ్ల వెంట పడ్డాను."

బావ అంటే ఏ చుట్టమూ కాదు. తాత కొట్టుకి ముప్పై ఏళ్లు సరుకు పంపిన హోల్‌సేలు ఆసామి. సొంత కార్ఖానా ఉంది. ఎప్పుడో ఒకరినొకరు బావా అనుకున్నారు, అదే నిలిచిపోయింది. తాత కోడలితో వెళ్లేసరికి కార్ఖానాలో కుట్టుమిషన్లు దడదడలాడుతున్నాయి. ఆడవాళ్లు కింద కూర్చుని ఊచలకి బట్ట కడుతున్నారు.

"బతికే ఉన్నావా బావా?" అన్నాడు బావ.

"నీ సరుకు నెత్తిన పెట్టుకుని తిరిగేవాణ్ణి, నాకు చావెక్కడిది?"

కోడలు విషయం చెప్పింది. బావ అంతా విని, ఈమధ్య తను చేసేది సగం ఇలాంటి బేరమేనన్నాడు. పక్కనున్న గొడుగొకటి తీసి తాత చేతికిచ్చాడు. తాత టప్పున తెరిచాడు, తిప్పాడు, ఎత్తి చూశాడు. జేబురుమాలు తడిపి అంచు రుద్దాడు. బంగారంలాంటి సరుకు. "వేరే నమూనా చూస్తావా?" అంటే, "నీ దగ్గర చూడ్డమేంటి బావా, పరాయివాడివా?" అన్నాడు. తాత జీవితంలో ఒక్క గొడుగుని చూసి మిగతా వాటికి పూచీ పడింది ఆ రోజే. ధరవరలు మాట్లాడుకోవడానికి కోడలు లోపలుండిపోయింది. తాత బయట అరుగు మీద కూర్చుని బావ తెప్పించిన టీ తాగాడు.

మొదట్లో ఆర్డర్లు రాలేదు. రోజూ తాత, "ఎవరైనా కొన్నారా అమ్మా?" అంటే కోడలు తల అడ్డంగా ఊపేది. తర్వాత ఉన్నట్టుండి వానొచ్చినట్టే వచ్చాయి. "జనం మొహం గుర్తుపట్టడానికి కాస్త సమయం పడుతుంది మరి" అన్నాడు తాత మీసం దువ్వుకుంటూ. నానమ్మ, "ఇక ఈయన్ని వీధిలోకి పంపకండి, జనం మీద పడతారు" అంది. తాత నిజంగానే వీధిలోకి వెళ్లినప్పుడు కాస్త మెల్లగా నడిచేవాడు, ఎవరైనా గుర్తుపడతారేమోనని.

గుర్తుపట్టింది దర్జీ ఆవిడ. ఆవిడ పాత కొట్టుకి ఎన్నోసార్లు వచ్చిన మనిషి. ఒకరోజు జోరున వాన పడి వెలిశాక తలుపు కొట్టింది. చేతిలో గొడుగు. దాని ఊచలు సగం వెనక్కి విరిగి, చచ్చిన సాలీడులా ఉంది. చంకలో ఒక మూట. మూట విప్పి బల్ల మీద పరిచింది. మీగడరంగు బట్టలు, కొత్తగా కుట్టినవి, వాటి మీద నల్లటి చారలు.

"కుట్టించుకున్నవాళ్లకి ఇవ్వడానికి తీసుకెళ్తున్నాను బాబాయ్ గారూ. గొడుగులోంచి కారింది నీళ్లు కాదు, సిరా."

తాత గొడుగు తీసుకుని అంచుని వేళ్ల మధ్య నలిపాడు. వేళ్లు నల్లబడ్డాయి.

"ఇది మాది కాదమ్మా. దార్లో ఎవడో మార్చేశాడు."

"మీ బొమ్మ చూసే కొన్నాను. బాబాయ్ అమ్మేదయితే తెరిచి చూడక్కర్లేదని డబ్బా విప్పి అలాగే పట్టుకుపోయాను."

తాత గబగబా లోపలికెళ్లి తన సొంత గొడుగు తెచ్చిచ్చాడు. ఆవిడ ముట్టుకోలేదు. "నాకు గొడుగెందుకు? ఈ బట్టలకి వాళ్లకేం చెప్పుకోవాలో చెప్పండి, అది చాలు" అంది. కోడలే ముందుకొచ్చి బట్టల ఖరీదు ఇస్తామంది. ఆవిడ సరేనని మూట కట్టుకుంది. వెళ్తూ తాత వైపు మళ్లీ చూడలేదు.

తెల్లారి తాత ఆ విరిగిన గొడుగుని కాగితంలో చుట్టుకుని ఒక్కడే కార్ఖానాకి వెళ్లాడు. దార్లో సరుకు మార్చేస్తున్న దొంగని బావతో కలిసి పట్టుకోవాలని ఆయన ఉద్దేశం. ఎలా పట్టుకోవాలో బస్సులో ఒక పథకం కూడా వేసుకున్నాడు.

బావ కాగితం పూర్తిగా విప్పకముందే, "మాదే" అన్నాడు.

"సరిగ్గా చూడు."

"చూసేదేముంది బావా? ఆన్‌లైన్ రకం. ఊచలు పల్చన, రంగు పై పూత. అటు గుట్ట చూడు, అవన్నీ అవే. ఇటున్నవి కొట్లకి వెళ్లేవి."

తాత రెండు గుట్టల్నీ మార్చి మార్చి చూశాడు. మడిచి ఉన్నప్పుడు రెండూ ఒకలాగే ఉన్నాయి.

"ముప్పై ఏళ్లలో నాకు ఇలాంటిది ఒక్కటి పంపావా?"

"పంపితే ఊరుకునేవాడివా? ఒక్కోటీ తెరిచేవాడివి. నీ కొట్టుకి వెళ్లే సరుకని చెప్తే మా ఆడవాళ్లు కుట్టు మీద కుట్టు వేసేవాళ్లు. నీ నోటికి జడిసి."

"అంటే నువ్వు మంచివాడివని కాదన్నమాట."

బావ నవ్వాడు. ఆ నవ్వులో ఎకసెక్కెం లేదు. "నేనెప్పుడైనా మంచివాణ్ణని నీకు చెప్పానా? నువ్వనుకున్నావు. ఇప్పుడు తెరిచి చూసి కొనేవాడు లేడు. బొమ్మ చూసి కొంటారు. బొమ్మలో నీ చేతిలో ఉన్నది మంచి గొడుగే కదా. టీ తాగుతావా?"

"నా మొహం పెట్టి ఇవి అమ్ముతావా?"

"నేనెక్కడ అమ్ముతున్నాను? రెండు రకాలూ మీ కోడలికి చూపించాను. ధర తేడా చెప్పాను. నువ్వు బయట టీ తాగుతున్నావు అప్పుడు."

తాత టీ తాగకుండా వచ్చేశాడు. ఇంటికొచ్చేసరికి కోడలు వంటింటి బల్ల దగ్గర కూరగాయలు తరుగుతోంది. నానమ్మ ఎదురుగా కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. తాత విరిగిన గొడుగుని బల్ల మీద పెట్టాడు.

"నీకు తెలుసా అమ్మా?"

కోడలు కత్తి కింద పెట్టింది. "తెలుసు మామయ్యా. మొదట మంచి రకమే పెట్టాను. మీ ఫోటో కిందే పెట్టాను. ఒక్కటంటే ఒక్కటి పోలేదు. పక్కవాడు సగం ధరకి ఇస్తుంటే మనది ఎవరు కొంటారు? తర్వాత రెండో రకం పెట్టాను."

"అప్పుడొచ్చాయా ఆర్డర్లు?"

"అప్పుడే."

తాత కుర్చీలో కూలబడ్డాడు. నానమ్మ చిక్కుడుకాయ చేతిలోనే ఉంచుకుని ఆయన్నే చూస్తోంది. ఆవిడ ఎకసెక్కానికి మాట వెతుక్కుంటుందని కోడలు భయపడింది గానీ, ఆవిడ మంచినీళ్ల గ్లాసు ఆయన ముందుకి జరిపింది.

"నా మొహం తీసెయ్యి" అన్నాడు తాత.

"మూసెయ్యమంటారా మామయ్యా? మూసేస్తాను. ఇల్లు గడవడం ఎలాగో కూడా మీరే చెప్పండి."

"మూసెయ్యమనలేదు. నీ సంసారం, నీ ఇష్టం. నా మొహం ఒక్కటీ తీసెయ్యి. దర్జీ ఆవిడ మళ్లీ నన్ను చూసి కొనకూడదు."

కోడలు అప్పటికప్పుడే, ఆయన చూస్తుండగానే ఫోటో తీసేసింది. ఆ చోట తెరిచిన గొడుగు బొమ్మ పెట్టింది. తాత ఫోను తీసుకుని, మొహం లేని దుకాణాన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి తిరిగి ఇచ్చేశాడు.

ఇక ఆర్డర్లు పడిపోతాయని ఆయన లెక్క. పడిపోతే ఇల్లు ఎలా గడుస్తుందన్న బెంగ ఒకపక్క ఉంది. పడిపోకపోతే ఎలాగన్న బెంగ ఇంకోపక్క ఉంది. రెండో బెంగ సంగతి ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం కాగానే, "తగ్గాయా అమ్మా?" అని అడిగాడు.

కోడలు ఒక్క క్షణం ఆయన మీసం వైపు చూసింది. దువ్వుకోక రెండువైపులా వాలిపోయి ఉంది.

"తగ్గాయి మామయ్యా. బాగా తగ్గాయి."

తాత నానమ్మ వైపు తిరిగి, "విన్నావా?" అన్నాడు. నానమ్మ విన్నానంది. మర్నాడూ అదే ప్రశ్న, అదే జవాబు.

అలా కొన్నాళ్లు గడిచాక బావ ఫోన్ చేశాడు. కోపం తగ్గిందా అని అడిగాడు, జవాబు రాకపోయినా తన ధోరణిలో తను మాట్లాడాడు. "మీ కోడలు గట్టిది బావా. దాని సరుకు కట్టడానికే ఒక మనిషిని కొత్తగా పెట్టాను. నీ బొమ్మ తీసేసిందట, దాని వల్ల ఏమీ తేడా రాలేదు, చూశావా?"

తాత ఫోను పెట్టేసి, చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. కింద వీధిలో సన్నగా తుంపర పడుతోంది. మనుషులు గొడుగులు తెరుచుకుని పోతున్నారు. ఆయన ఊచల వైపు చూడలేదు.

సాయంత్రం కోడలు లైటు వేసి, బల్ల దగ్గర కూర్చుంది. తాత వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"తగ్గాయా అమ్మా?"

"తగ్గాయి మామయ్యా."

"తగ్గుతాయి మరి" అన్నాడు తాత. "మొహం లేకపోతే ఎవరు కొంటారు?"

కోడలు తలెత్తకుండా, "అంతే కదండీ" అంది.