ఎవరూ లేవని ఆదివారం

ముప్ఫై ఏళ్లుగా మోస్తున్న అబద్ధాన్ని నిన్న ఉదయం గుడిలో అందరి ముందూ దించేశాను. ఇవాళ నా నడకే మారిపోయింది. చేతికర్ర లేకుండా పాల బూత్ దాకా వెళ్లొచ్చాను. ఇంత సంతోషం నాకు తగునా? తెలియదు. నిన్న చెప్పింది నాలుగు వాక్యాలే. మీకు మాత్రం మొత్తం చెప్తాను.

నేను ఆంగ్లికన్ సంప్రదాయపు సంఘంలో రిటైరైన బిషప్పును. మయూర్ విహార్‌లో చిన్న ఫ్లాట్‌లో ఉంటాను. సంఘంలో కులం ఉండకూడదని ఊరూరా ప్రసంగించి పేరు తెచ్చుకున్నవాణ్ణి. ఆ పేరు కింద ఏముందో చూడండి.

అప్పుడు నేను ఢిల్లీలో ఒక తెలుగు సంఘానికి కొత్త పాస్టరుని. మా గుడుల్లో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు జంట పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పమంటాం. దాన్నే పెళ్లి ప్రకటన అంటాం. కంటోన్మెంటులో ఉండే సుబేదార్ ఏసుదాసు గారి అమ్మాయి సుగుణ, జియా సరాయ్‌లో గది తీసుకుని చదువుకుంటున్న ప్రభాకర్ పెళ్లి చేసుకోవాలనుకున్నారు. ఇద్దరూ మా సంఘస్థులే. కులాలు వేరు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె పంచుకునేటప్పుడు అడగని కులాన్ని పెళ్లి దగ్గర అడుగుతాం మేము. సుబేదార్ గారు మొదట సణిగి, తర్వాత ఒప్పుకున్నారు.

మూడు ఆదివారాలూ చదివాను. ఎవరూ లేవలేదు. కానీ సంఘ పెద్దలు మొహాలు మాడ్చుకుని కూర్చున్నట్టు నాకు అనిపించింది. వాళ్లు నన్నేమీ అడగలేదు. సంఘం చీలిపోతుందని, ఆ మచ్చ నా పేరుకు అంటుకుంటుందని, పైకి రావలసినవాణ్ణి ఇక్కడే ఆగిపోతానని నేనే భయపడ్డాను. మూడో ఆదివారం సాయంత్రం ఆ జంటను పిలిచి, అభ్యంతరం వచ్చింది, ఎవరో చెప్పకూడదు, ఈ పెళ్లి నేను చేయలేను అన్నాను. గొంతు వణకను కూడా లేదు.

వాళ్లు కోర్టులో పెళ్లి చేసుకుని గుడికి రావడం మానేశారు. నేను బిషప్పునయ్యాను. ప్రతి ఆదివారం జనం చేత పాపాలు ఒప్పించి, నాది జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాను. పిరికితనమేనా అది? కాదు. హాయిగా బతకడం అలవాటైంది.

కిందటి నెల సుగుణ మా ఫ్లాట్‌కు వచ్చింది. నోయిడాలో ఉద్యోగం చేసే కూతురు ఆ గుడిలోనే పెళ్లి చేసుకుంటానందట. కులం గురించి నేను చేసిన ప్రసంగాలు విన్నదట, ప్రకటన నేనే చదవాలట. ఇక దాచలేకపోయాను.

"అమ్మా, ఆ రోజు అభ్యంతరం ఎవరూ చెప్పలేదు. నేనే కల్పించాను."

టీ కప్పు పక్కకు జరిపింది.

"అచ్ఛా. అయితే మా నాన్న కాదా?"

నాకు అర్థం కాలేదు.

"ఆయనే అడ్డు చెప్పారనుకున్నానండీ. 'నేను కాదమ్మా' అని ఆయన ఎంత మొత్తుకున్నా నేను నమ్మలేదు. ఆయన పోయేదాకా ఆయనతో మాట్లాడలేదు, అయ్యగారూ."

క్షమించమన్నాను.

"అది నా వల్ల కాదు. ప్రకటన మీరే చదవండి. ముందు మా నాన్న సంగతి చెప్పండి. వెనక బెంచీకి వినపడాలి."

నిన్న మొదటి ప్రకటన. లేచి నిలబడ్డాను.

"ముప్ఫై ఏళ్ల కిందట ఈ గుడిలో సుగుణ పెళ్లికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. సుబేదార్ ఏసుదాసు గారు చెప్పలేదు. ఆయన రెండో బెంచీలో కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నారు. అబద్ధం చెప్పింది నేను."

ఈసారి గొంతు వణికింది. అయినా వెనక బెంచీ దాటి గేటు దాకా వినపడింది. గుసగుసలు మొదలయ్యాయి. ఒక పెద్దాయన లేచి వెళ్లిపోయాడు. వెళ్లనీ! నా జీవితంలో అంత గొప్ప ప్రసంగం నేను చేయలేదు. తర్వాత సుగుణ కూతురి పేరు, ఆ అబ్బాయి పేరు చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగాను. ఎవరూ లేవలేదు. లేవలేదని గట్టిగా చెప్పాను.

ఆరాధన అయ్యాక సుగుణ నా వైపు చూడలేదు. అందరూ వెళ్లిపోయినా రెండో బెంచీలో ఒక్కతే కూర్చుని, పక్కన ఖాళీ చోటు మీద చెయ్యి వేసి ఉంది. నేను అటు వెళ్లలేదు. మెట్లు దిగి మెట్రో వైపు నడిచాను. చేతికర్ర గుడిలోనే మరిచిపోయానని ఇంటికొచ్చాక గానీ తెలియలేదు.